ఆర్‌ఎక్స్ 100కు ముల్లు మీటర్ కొనేముందు డయల్ మీది అంకె చూడండి

మీ యమహా ఆర్‌ఎక్స్ 100 బండిలో స్పీడోమీటర్ ముల్లు ఊగుతోందని, దాన్ని తీసేసి బజారులో దొరికే చిన్న గుండ్రటి ముల్లు మీటర్ బిగించవచ్చా అని అడిగారు. బిగించవచ్చు, కానీ మొదట ముందు చక్రం నుంచి మీటర్‌కు వచ్చే కేబుల్‌ను చూడండి. లోపల ఎండిపోయినా, హ్యాండిల్ దగ్గర మరీ వంగినా ముల్లు అలాగే ఊగుతుంది. నా బండిలో ఆ జబ్బు కొత్త కేబుల్‌తోనే పోయింది. తర్వాత కిలోమీటర్లు తిప్పే పళ్లు అరిగిపోవడం వల్లే మీటర్ మార్చాల్సి వచ్చింది.

మీటర్ లోపల కేబుల్‌తో పాటు తిరిగే అయస్కాంతం పక్కనున్న అల్యూమినియం గిన్నెలో సుడి విద్యుత్ ప్రవాహాలు పుట్టిస్తుంది. వాటి బలంతో ఆ గిన్నె సన్నని స్ప్రింగు బిగువును ఎదిరించి ముల్లును జరుపుతుంది. అందుకే కిలోమీటరుకు కేబుల్ ఎన్ని చుట్లు తిరగాలన్నది మీటర్ తయారీలోనే ఖాయమవుతుంది. చాలా డయళ్ల మీద అది 1400 వంటి అంకెగా చిన్నగా అచ్చయి ఉంటుంది. ఆటోనగర్ దుకాణాల్లో క్రోమ్ రింగుల అందం చూసి మురిసేముందు ఆ అంకె అడగండి.

మీ బండికి ఏది సరిపోతుందో ఇంట్లోనే తేల్చుకోవచ్చు. బండి ముందు చక్రాన్ని పైకి లేపి, మీటర్ వైపు కేబుల్ విప్పి, లోపలి తీగ కొసకు టేపు ముక్క అంటించి, చక్రాన్ని సరిగ్గా 10 చుట్లు తిప్పుతూ టేపు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టండి. చక్రం ఒక చుట్టుకు బండి 1.84 మీటర్లు కదిలితే, డయల్ మీద 1400 అని ఉన్న స్పీడోమీటర్‌కు టేపు దాదాపు 26 చుట్లు తిరగాలి. 20 మాత్రమే వస్తే, మీరు నిజంగా 60లో వెళ్తున్నా ముల్లు 47 దాటదు. కిలోమీటర్లూ అదే లెక్కన తగ్గుతాయి.

బిగించేటప్పుడు తీగకు కింది భాగంలోనే పలుచగా గ్రీజు రాసి, పై నాలుగైదు అంగుళాలు పొడిగా వదలండి. లేకపోతే గ్రీజు పైకి పాకి మీటర్‌లోకి చేరి ముల్లును పట్టేస్తుంది. ముందు చక్రం విప్పి ఉంటే, దాన్ని ఎక్కించేటప్పుడు కేబుల్‌ను తిప్పే మీటర్ గేరు కొమ్ములు హబ్ (చక్రం నడిమి భాగం) గాడుల్లో కూర్చున్నాయో లేదో చేత్తో తిప్పి చూశాకే ఇరుసు నట్టు బిగించండి. కూర్చోకుండా బిగిస్తే అవి నలిగిపోతాయి. హెడ్‌లైట్ బ్యాటరీతో కాక ఇంజిన్ నుంచి నేరుగా వచ్చే ఏసీ కరెంటు మీద వెలిగే పాత బండ్లలో ఎల్‌ఈడీ మీటర్ దీపం ఐడిలింగ్‌లో మిణుకుమంటుంది కాబట్టి మామూలు బల్బు ఉన్నదే మేలు. పాత మీటర్ విప్పేముందు దాని కిలోమీటర్లను ఫొటో తీసి దాచండి, బండి అమ్మే రోజున రెండు మీటర్ల లెక్కా కలిపి చెప్పాల్సి ఉంటుంది.