వేట ఆగిన రోజే ఇంజను సంగతి చూడండి

ప్రశ్న: మాది అంతర్వేది పల్లిపాలెం. చెక్క బోటు, లోపల డీజిల్ ఇంజను. మా మేనల్లుడు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటాడు. అక్కడ చెరువులో తిప్పుకునే చిన్న బోటు కొనుక్కున్నాడు. అక్టోబరు రాగానే ఇంజనులోకి ఏదో గులాబి రంగు ద్రవం ఎక్కించి, బోటు ఒడ్డుకి లాగి కప్పేస్తాడట. "మామయ్యా, మీరూ వేట నిషేధంలో రెండు నెలలు బోటు ఆపేస్తారు కదా, ఆ ద్రవం పంపిస్తాను, పోయించండి" అంటున్నాడు. పోయాలా? జూన్‌లో ఇంజను మొరాయిస్తే మొదటి వేట పోతుందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ ద్రవం మీకు అక్కర్లేదండి, పంపొద్దని చెప్పేయండి. మీ మేనల్లుడు చేస్తున్నది అక్కడికి సరైన పనే. మిన్నెసోటా చలికి చెరువుల మీద మనుషులు నడుస్తారు. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, ఇంజను దారుల్లో మిగిలిపోయిన నీళ్లు అలా ఉబ్బితే పోత ఇనుము బ్లాకు కూడా పగిలిపోతుంది. అందుకని లోపలి నీళ్లు తీసేసి, ప్రొపిలీన్ గ్లైకాల్ కలిపిన ద్రవం ఎక్కిస్తారు. మన దగ్గర ధనుర్మాసంలో తెల్లవారుజామున ఎంత వణికినా బిందెలో నీళ్లు గడ్డకట్టవు కదా. మన ఇంజన్లని తినేది ఉప్పు, అదీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, బోటు కదలకుండా ఉండే ఆ 61 రోజుల్లో.

తిరిగినన్నాళ్లూ నీళ్లు పారుతూ ఉంటాయి, ఆపేశాక అవే నీళ్లు లోపల నిలిచి, సగం ఆరి, పైపుల్లో ఉప్పు పేరుకుంటుంది. మనవాళ్లలో చాలామంది జూన్ మొదటివారంలో మెకానిక్కుని పిలుస్తారు, అప్పటికి జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది. మీరు మాత్రం ఏప్రిల్‌లో ఆఖరి వేట నుంచి వచ్చిన రోజో, మర్నాడో ఈ పని పెట్టుకోండి.

ముందు మంచినీళ్లతో కడగాలి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. బోటు ఉన్నది గోదారిలోనే కదా, ఆ నీళ్లే తిరుగుతాయిలే అనుకుంటారు. ఎండాకాలంలో పైనుంచి వచ్చే నీరు తగ్గిపోతుంది, పోటు వచ్చినప్పుడల్లా సముద్రం వశిష్ఠ పాయలోకి ఎగదన్నుతుంది, మీ వైపు రేవులో ఉన్నది ఉప్పునీరే. నాలుక మీద ఒక చుక్క వేసుకోండి, తెలిసిపోతుంది. తీరంలో చాలా బోర్లదీ అదే రుచి. తాగే నీళ్లు రెండు డ్రమ్ములు తెప్పించుకోండి. సముద్రపు నీళ్లు లోపలికొచ్చే వాల్వు కట్టేసి, పంపుకి వచ్చే గొట్టం విప్పి డ్రమ్ములో పెట్టి, ఇంజను బాగా వేడెక్కేదాకా నడపండి. డ్రమ్ము ఖాళీ అయ్యేలోపే ఇంజను ఆపాలి, లేకపోతే పంపులో ఇంపెల్లర్, అంటే నీళ్లు తోసే రబ్బరు రెక్కల చక్రం, కాలిపోతుంది.

ఇంజను వేడిగా ఉండగానే పాత ఆయిల్ దించి, ఫిల్టర్ మార్చి, కొత్తది పోసి ఐదు నిమిషాలు నడపండి (నడిపేటప్పుడు గొట్టం మళ్లీ మంచినీళ్లలో ఉండాలి). ఆపాక డ్రెయిన్లు విప్పి లోపలి నీళ్లూ వదిలేయండి. "రెండు నెలలు ఊరికే ఉండేదానికి కొత్త ఆయిల్ ఎందుకు, జూన్‌లో మారుద్దాం" అని బోటు నడిపే సరంగులు అంటారు, నేను ఒప్పుకోను. వాడిన ఆయిల్లో మసి, తేమ, ఆమ్లాలు చేరి ఉంటాయి, అవి రెండు నెలలు బేరింగుల మీద కూర్చుంటాయి.

ఇంపెల్లర్ని విప్పి ఇంట్లో పెట్టుకోండి. నేను నా బోటుకి ఒక ఏడాది విప్పలేదు. రెక్కలు ఒకవైపు వంగినవి వంగినట్టే బిగుసుకుపోయాయి. జూన్‌లో గోదారి సముద్రంలో కలిసే మొగ దాటీ దాటకముందే ఇంజను వేడెక్కిపోయింది, ఇంకో బోటుకి తాడు కట్టించుకుని వెనక్కి వచ్చాం, హెడ్ గాస్కెట్ పోయింది. విప్పాక స్టార్టర్ దగ్గర "ఇంపెల్లర్ లేదు, స్టార్ట్ చేయొద్దు" అని అట్ట కట్టండి, కుర్రాళ్లు ఎవరైనా తెలియక తాళం తిప్పేస్తారు.

డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచమంటారు, ఖాళీ ఉంటే ఉక్కకి లోపలి గోడలకు చెమ్మ పట్టి నీళ్లు అడుక్కి దిగుతాయి, ఆ నీటికీ డీజిల్‌కీ మధ్య నల్లటి జిగురులా సూక్ష్మజీవులు పెరిగి ఫిల్టర్లు మూసుకుపోతాయి. వేట లేని నెలల్లో అంత డబ్బు డీజిల్లో పెట్టడం కష్టమని నాకు తెలుసు. కుదరకపోతే జూన్‌లో స్టార్ట్ చేసే ముందు ట్యాంకు అడుగు నీళ్లు తప్పకుండా వదలండి, ఫిల్టర్ మార్చండి.

మీ ఇంజనుకి విడిగా రేడియేటర్‌లా మూసి ఉండే నీళ్ల దారి ఉంటే అందులో మాత్రం కూలెంట్ కావాలి, చలి కోసం కాదు, తుప్పు పట్టకుండా. బోరు నీళ్లు పోయకండి.

సైలెన్సర్ గొట్టం నోటికి నూనె గుడ్డ కుక్కండి. వారానికోసారి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలకే ఆపేసే అలవాటు ఉంటే మానేయండి, ఇంజను పూర్తిగా వేడెక్కదు, లోపల చెమ్మ మిగులుతుంది. ఇంజను ఆపే స్టాప్ లివర్ లాగి పట్టుకుని, చేత్తో ఇంజనుని రెండు మూడు చుట్లు తిప్పితే చాలు. అప్పుడే షాఫ్టు గ్లాండ్ (ఫ్యాను షాఫ్టు బోటు బయటికి వెళ్లేచోట ఉండే బిగింపు) దగ్గర నీళ్లు ఎంత కారుతున్నాయో చూడండి. నీళ్లలో వదిలేసిన చెక్క బోటులోకి అక్కడి నుంచి నీళ్లు చేరి ఇంజను మునిగిపోవచ్చు.

ప్రశ్న: యానాం నుంచి రాస్తున్నాను. ప్రతి జూన్‌లోనూ బ్యాటరీ చచ్చిపోయి ఉంటోంది. ఏం చేయాలి?

జవాబు: బోటులో వదిలేస్తున్నారు కాబట్టి. ముందు నెగెటివ్ తీగ, తర్వాత పాజిటివ్ విప్పి ఇంటికి తెచ్చుకోండి. డిస్టిల్డ్ వాటర్ సరిచూసి నిండా చార్జి చేయించండి, ఆగాక 12.6 వోల్టుల పైన చూపించాలి. ఎండకి బ్యాటరీ తనంతట తానే తొందరగా దిగిపోతుంది కాబట్టి నెలకోసారి మళ్లీ చార్జి పెట్టండి, గాలి ఆడేచోట, పొయ్యికి దూరంగా. టెర్మినళ్ల మీద తెల్లటి పొడి ఉంటే వేడినీళ్లతో కడిగి, ఆరాక కాస్త వాజలీన్ రాయండి.