థీసిస్‌లు టైపు కొట్టిన చేత్తో చెబుతున్నా

"అమెరికా నల్లజాతి రచయిత్రుల మీద మన ఇంగ్లీషు ప్రొఫెసర్లు చేసే పరిశోధన వల్ల ఇక్కడ ఎవరికైనా ఒరిగేదేమైనా ఉందా?" అని ఒకరు అడిగారు.

నాకు ఒరిగింది. నేను ఎంఏ చదవలేదు, డిగ్రీ కూడా మధ్యలో మానేశాను. తిరుపతి బాలాజీ కాలనీలో పద్దెనిమిదేళ్లుగా థీసిస్‌లు టైపు చేస్తున్నాను. అమెరికా నల్లజాతి నవలా రచయిత్రి టోనీ మారిసన్ చేతికి రాని ఏడాది లేదు.

అప్పట్లో నాకు సంబంధాలు చూస్తున్నారు. పుత్తూరు నుంచి వచ్చినవాళ్లు కాఫీ తాగి, "చామనఛాయ అన్నారే, పిల్ల బాగా నలుపు" అని మా పెద్దమ్మతో మెల్లిగా అనేసి పోయారు. మెల్లిగా అన్నది ఇల్లంతా వినపడింది. మర్నాడు షాపుకొస్తే ఒక మేడమ్, పాఠాలు చెబుతూనే పీహెచ్‌డీ చేస్తున్నావిడ, చేతిరాత కాగితాలతో కూర్చోనుంది. ఆ చాప్టరంతా 1970లో వచ్చిన మారిసన్ నవల 'ది బ్లూయెస్ట్ ఐ' మీద. పెకోలా అనే నల్లపిల్ల నీలికళ్లు కావాలని దేవుణ్ణి వేడుకుంటుంది. వాళ్లమ్మ తెల్లవాళ్లింట్లో పనిమనిషి. ఒకరోజు ఆ వంటింట్లో వేడివేడి పళ్ల పిండివంట పెకోలా చెయ్యి తగిలి కిందపడుతుంది, కాళ్లు కాలతాయి. తల్లి వచ్చి, కాళ్లు కాలిన కూతుర్ని కొట్టి, ఏడుస్తున్న తెల్లపిల్లను ఓదారుస్తుంది.

ఆ పేజీలో కొట్టినన్ని తప్పులు నేనెప్పుడూ కొట్టలేదు.

"ఏమ్మా, నిద్రొస్తోందా?" అన్నారు మేడమ్.

"లేదు మేడమ్. వాళ్లమ్మ ఎందుకట్లా చేసింది?"

"ఆమెకీ తెలుపే అందమని నూరిపోశారమ్మా. సినిమాల్లో తెల్ల హీరోయిన్లను చూసి చూసి, కడుపున పుట్టిన పిల్ల కంటికి ఆనలేదు."

మా అమ్మ సెనగపిండి, పసుపు పెట్టి చర్మం ఊడేట్టు రుద్దేది. అది ప్రేమేననుకున్నాను. ఇప్పుడూ ప్రేమేనంటాను, కాకపోతే ఆ రుద్దుడు ఆమెకు ఎవరు నేర్పారో ఆరోజు తెలిసింది. పుత్తూరు సంబంధం తప్పిపోయింది, వేరేది కుదిరింది, అది ఇక్కడ అనవసరం.

నా బాధల్లా ఒకటే. ఇంత తేటగా చెప్పిన మనిషి, అదే సంగతిని థీసిస్‌లో ఆరు లైన్ల ఇంగ్లీషు వాక్యం చేశారు. నాకు చెప్పిన రెండు ముక్కలూ అందులో లేవు. 2018లో యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ, థీసిస్‌లో వేరేవాళ్ల రాతలతో పోలిక 10 శాతం దాటితే చర్యలంటూ నిబంధనలు తెచ్చాక మరీ అధ్వానం. కాపీ తగ్గలేదు, మామూలు మాట ఉన్నచోట నోరు తిరగని మాట వచ్చి కూర్చుంటోందంతే. అక్షరదోషాలు మాత్రం నా నెత్తిన.

నా లెక్కలో పరిశోధనంటే ఇంకో నల్లజాతి రచయిత్రి ఆలిస్ వాకర్ చేసింది. ఆమెకు ముందుతరం నల్లజాతి రచయిత్రి జోరా నీల్ హర్స్‌టన్ 1960లో పేదరికంలో చనిపోతే సమాధి మీద పేరు కూడా లేదు. వాకర్ 1973లో ఫ్లోరిడా వెళ్లి, ఆమె మేనకోడల్నని అబద్ధమాడి, నడుమెత్తు గడ్డిలో వెతికి రాయి వేయించింది. ఈ సంగతి కనీసం నాలుగు థీసిస్‌లలో కొట్టాను. ఆ నలుగురిలో ఒక్కరైనా మన దళిత రచయిత్రుల కోసం ఊళ్లు తిరిగారా? తిరగలేదు, నాకు తెలుసు. 2003లో గోగు శ్యామల దళిత స్త్రీల రచనలు ఏరి 'నల్లపొద్దు' తెచ్చారు. దాని పేరు నాకు చివరి చాప్టర్లో, 'మున్ముందు పరిశోధన చేయవచ్చు' అనే పేరాలోనే కనపడింది. ఆ మున్ముందు ఎప్పుడొస్తుందో మరి. జాతి అమెరికాలో ఉంటుంది, కులం తెలుగు డిపార్ట్‌మెంట్ చూసుకుంటుంది అన్నట్టుంది వరస.

ఆ మేడమ్ ఇప్పుడు ప్రొఫెసర్. మొన్న ఒక స్కాలర్‌ను పంపితే ఆ పిల్లకూ ఇదే చెప్పాను: మీ మేడమ్ క్లాసులో తెలుగులో చెప్పేదుంటుందే, అది రాసుకుని రా, 'అను' అనే తెలుగు ఫాంట్లో కొట్టిస్తా, పేజీకి ఐదు రూపాయలు తక్కువే తీసుకుంటా. ఇంకా రాలేదు.