ఇంట్లో ఎత్తని మాట

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్ పూర్తిచేశాడు. ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైనప్పటి నుంచి "రిజర్వేషన్లు పదేళ్లకే పెట్టారు, ఓట్ల కోసం సాగదీస్తున్నారు, సీట్లన్నీ వాళ్లకే" అంటున్నాడు. మేము ఓసీలం. ఇంట్లో కులం ఊసే ఎత్తకుండా పెంచాం. ఇప్పుడెలా చెప్పాలి? (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: ఊసెత్తకపోవడమే చిక్కు తెచ్చిందమ్మా. మీరు చెప్పనిది హాస్టల్ గదీ వాట్సాప్ గ్రూపూ చెప్పాయి.

ముందు ఆ పదేళ్ల సంగతి తేల్చండి. అది కాగితం మీద తేలిపోయే విషయం. రాజ్యాంగంలో 334వ అధికరణ తీసి వాడి చేతే చదివించండి. పదేళ్ల గడువు పెట్టింది లోక్‌సభ, శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీ స్థానాలకు. పొడిగిస్తూ వస్తున్నదీ దాన్నే. 104వ సవరణతో అది 2030 దాకా వెళ్లింది. చదువుల సీట్లకు ఆధారం 1951లో మొదటి సవరణతో చేరిన 15(4), ఉద్యోగాలకు 16(4). ఆ రెండింట్లో గడువు అన్న మాటే లేదు.

తర్వాత సీట్ల లెక్క. ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీలకు 15, ఎస్టీలకు 6, బీసీలకు 29, వెరసి 50 శాతం. మిగతా సగం ఓసీల వాటా అనుకుంటారు చాలామంది. కాదు, అది ఓపెన్: ర్యాంకు వస్తే ఏ కులం వాళ్లయినా తీసుకోవచ్చు. 2019లో 103వ సవరణతో వచ్చిన ఈడబ్ల్యూఎస్ 10 శాతం ఏ రిజర్వేషనూ లేని కుటుంబాలకు, ఏడాది ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు. ప్రైవేటు ఇంజినీరింగ్ కాలేజీల్లో 30 శాతం మేనేజ్‌మెంట్ కోటా ఉంది కదా, దాని మీద వాడికెందుకు కోపం రాలేదో కూడా అడగండి. డబ్బు కట్టి తెచ్చుకున్న సీటు దగ్గర మెరిట్ మాట ఎవరూ ఎత్తరు మరి!

సీటు రాని రోజున మాత్రం ఇవేవీ మొదలుపెట్టకండి, చెవికెక్కవు. పూటకు ఒక్క ప్రశ్న, పావుగంట చాలు. "ఇది నీకెవరు చెప్పారు? వాళ్లకెలా తెలుసు?" అంటే వాడే వెతుక్కుంటాడు. వాడి ఎస్సీ స్నేహితుణ్ని పిలిచి "నువ్వు చెప్పు బాబూ" అని సాక్షిలా నిలబెట్టొద్దు. ఆ పిల్లవాడు టీ తాగడానికి వచ్చాడు, సంజాయిషీ ఇవ్వడానికి కాదు.

"ఇదంతా పాతకాలం గొడవ" అంటాడేమో. మీకు దూరం కాని కారంచేడులో 1985 జూలై 17న, తాగునీటి చెరువును పాడుచేయొద్దన్నందుకు రేగిన గొడవలో ఆరుగురు దళితుల్ని చంపారు. అప్పటికి మీరు పుట్టే ఉంటారు.

ఇక వంటింట్లోకి రండి. పనమ్మాయికి టీ ఇచ్చే గ్లాసు విడిగా కిటికీలో బోర్లించి ఉంటే, వాడు చిన్నప్పటి నుంచీ చూస్తూనే ఉన్నాడు. 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దుచేసిందని చెప్పబోయే ముందు ఆ గ్లాసు మీ గ్లాసుల గూట్లోకి చేరాలి.

ప్రశ్న: ఆరేళ్ల పాప "మన కులమేంటి?" అంటోంది. దాచాలా? (ఖమ్మం)

జవాబు: దాచకండి. పేరు చెప్పి, ఎందుకడిగిందో కనుక్కోండి. బడిలో ఎవరో తనను పక్కన కూర్చోనివ్వలేదని తెలిస్తే వెళ్లి టీచరుతో మాట్లాడండి.