ఐదు వేళ్ళూ సమానమా అని అడిగేవాళ్ళకి

"సమాజంలో అందరూ పూర్తిగా సమానం కావడం సాధ్యమా, అసలు అది అవసరమా?" అని అడిగారు. ఈ మాట ఎత్తగానే "ఐదు వేళ్ళూ సమానంగా ఉంటాయా" అనేవాళ్ళు ఎక్కడైనా తగులుతారు. ఉండవు, ఒప్పుకున్నా. కానీ చిటికెన వేలుని గ్లాసు ముట్టుకోవద్దని ఎవరూ అనరుగా.

నాకు తెలిసింది టీ కొట్టు. తెనాలి దగ్గర మా ఊళ్ళో మా పెదనాన్నకి ఉండేది. 1989 వేసవి సెలవుల్లో, నాకు పన్నెండేళ్ళప్పుడు, రోజూ పొద్దున్నే వెళ్ళి గ్లాసులు అందించేవాణ్ణి. గాజు గ్లాసులు బల్ల మీద. చూరు కింద మేకులకి నాలుగు సత్తు గ్లాసులు. అవి మాలపల్లి వాళ్ళకి. వాళ్ళే తీసుకోవాలి, తాగాక వాళ్ళే కడిగి తగిలించాలి, టీ పైనుంచి పోస్తారు. ఇదంతా నాకు తెలుసు. కానీ ఆ రోజు గిరాకీ ఎక్కువై, చేతిలో ఉన్న గాజు గ్లాసు మా పొలానికొచ్చే పెద్దాయన ముందు పెట్టేశా. ఆయన చెయ్యి చాపలేదు. నా వంక కాదు, మా పెదనాన్న వంక చూశాడు. "నాది చూర్లో ఉందిలెండి చినబాబుగారూ" అన్నాడు. అరవై దాటిన మనిషి నన్ను గారూ అంటున్నాడు. నేనేమో ఆయన్ని పేరు పెట్టి ఒరేయ్ అనేవాణ్ణి.

పెదనాన్న నన్నేమీ అనలేదు. టీ పారబోసి, ఆ గ్లాసుని బూడిదతో రెండుసార్లు తోమించాడు. ఎవరూ ముట్టుకోని గ్లాసుని.

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనం 1950లోనే రద్దయింది. 1955లో శిక్షలు వేసే చట్టమూ వచ్చింది. మా చూరు కింద మేకులు మాత్రం కదల్లేదు. ఆ గ్లాసు సంగతి జరిగిన రెండేళ్ళకి, 1991 ఆగస్టులో, మాకు దగ్గర్లోనే చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపారు. ఆ గొడవ మొదలైంది సినిమా హాల్లో కాలు తగిలిందని. పెద్దాయన చెయ్యి ఎందుకు చాపలేదో నాకు అప్పుడర్థమైంది.

చివరికి మా ఊళ్ళో ఆ మేకులు పీకించింది పేపర్ కప్పు. తాగి పారేసేదానికి కులమేముంది? దీని మీద నాతో వాదించకండి, కళ్ళారా చూశా. ఇక్కడ హైదరాబాదులో మా అపార్టుమెంటుకి రెండు లిఫ్టులు. పనమ్మాయిలూ డెలివరీ కుర్రాళ్ళూ వెనకదే ఎక్కాలట. ఎందుకని మీటింగులో అడిగితే "శుభ్రత" అన్నారు. మా ఇళ్ళు శుభ్రం చేసేదే వాళ్ళు! మెయింటెనెన్సు మాత్రం అడక్కుండానే పెంచుతారు, వెనక లిఫ్టులో ఫ్యాను తిరగదు. సరే, అది వేరే గోల.

ఆస్తులూ జీతాలూ అందరికీ ఒకేలా ఉండాలన్న పట్టింపు నాకు లేదు. అది సాధ్యమో కాదో చదువుకున్నవాళ్ళు తేల్చుకోండి. నా పేచీ అంతా "రా", "రండి" దగ్గర. మన తెలుగులో ఎదుటి మనిషి అంతస్తు తేల్చకుండా పలకరించడమే కుదరదు.

మొన్న సంక్రాంతికి ఊరెళ్తే ఆ పెద్దాయన కొడుకులిద్దరూ కొట్టు ముందు బల్ల మీద కూర్చునున్నారు. చిన్నవాడు హైస్కూల్లో లెక్కల మాస్టారు, పెద్దవాడు కూలికెళ్తాడు. ఇద్దరికీ అవే కప్పులు. ఎనభై దాటిన మా పెదనాన్న గల్లాపెట్టె దగ్గర్నుంచి "మాస్టారూ, మీకు పంచదార తక్కువేగా?" అని, అదే ఊపులో పెద్దవాడితో "ఏరా, నీకో?" అన్నాడు.

"మీ ఇష్టం బాబుగారూ" అన్నాడు పెద్దవాడు. మాస్టారు కప్పులోకి చూస్తూ కూర్చున్నాడు, తాగలేదు.