ఇల్లు లేని తమ్ముడికి మన ఇల్లు కేరాఫ్ అడ్రస్ కావచ్చా?

ఉద్యోగం పోయి, అద్దె కట్టలేక కార్లో పడుకుంటున్న తమ్ముడో బావమరిదో ఫోన్ చేసి "మీ ఇంట్లో ఉంటాననట్లేదు, ఉత్తరాలు మాత్రం మీ ఇంటికి తెప్పించుకోనా" అని అడిగితే అమెరికాకి కొత్తగా వచ్చినవాళ్లు హడలిపోతారు, వాడి అప్పులు మన మెడకి చుట్టుకుంటాయేమో, మన వీసాకి ఏమైనా అవుతుందేమో అని. నేనైతే ఇవ్వమనే చెప్తాను. కాకపోతే అది ఉత్తరాలు వచ్చే అడ్రస్సే గానీ ఉండే అడ్రస్ కాదన్న సంగతి మీ ఇద్దరికీ తెలిసి ఉండాలి, నింపే ప్రతి ఫారంలోనూ అలాగే రాయాలి.

మా చిన్నాన్న కొడుకు విడాకుల తర్వాత ఏడు నెలలు కార్లోనే ఉన్నాడు. ఇక్కడ అడ్రస్ లేకపోతే మనిషే లేనట్టు లెక్క. బ్యాంకు కార్డు, డబ్ల్యూ-2 (ఏడాది జీతం, పన్ను చూపించే కాగితం), లైసెన్సు, కోర్టు నోటీసు అన్నీ పోస్టులోనే వస్తాయి. అయినా నన్ను అడగడానికి వాడు మూడు వారాలు మొహమాటపడ్డాడు, అది తలుచుకుంటే ఇప్పటికీ బాధేస్తుంది.

మొదటి నెలలోనే నావల్ల ఒక తప్పు జరిగింది. వాడి మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే హెల్త్ ఇన్సూరెన్స్) రెన్యువల్ ఉత్తరం ప్రకటన కాగితాలతో కలిసి ఫ్రిజ్ మీద పడి ఉంది, నేను చూసేసరికి గడువు దాటింది, వాడి ఇన్సూరెన్స్ ఆగిపోయింది. కాగితాలన్నీ పంపి మళ్లీ తెచ్చుకునేదాకా షుగర్ మందులు చేతి డబ్బుతో కొనుక్కున్నాడు. ఆ రోజు నుంచి తలుపు పక్కన ఒక చెప్పుల డబ్బా పెట్టి, వాడి పేరుతో వచ్చిందల్లా అందులోనే వేసి, ఏ రోజు కవరు ఫోటో ఆ రోజే వాట్సాప్ చేసేవాణ్ణి. పోస్టాఫీసువాళ్ల ఇన్ఫర్మ్‌డ్ డెలివరీ అని ఒకటుంది, ఉచితమే, ఆ రోజు రాబోయే కవర్ల ఫోటోలు పొద్దున్నే ఈమెయిల్‌కి వస్తాయి, అది పెట్టుకోండి. కవరు మాత్రం వాడు చెప్పకుండా చింపకండి. వేరేవాళ్ల ఉత్తరం కావాలని విప్పడం, దాచేయడం ఇక్కడ ఫెడరల్ నేరం. "నువ్వే చూడన్నా" అంటే అప్పుడు విప్పండి. ఉత్తరాలు తెప్పించుకునేటప్పుడు వాడి పేరు కింద "కేరాఫ్" అని మీ పేరు రాయించుకోమనండి.

అప్పుల సంగతి: ఒకే అడ్రస్ ఉన్నంత మాత్రాన వాడి బాకీ మీది కాదు, మీరు సంతకం పెడితేనే మీది. క్రెడిట్ రిపోర్టు కూడా మనిషిని బట్టే, ఇంటిని బట్టి కాదు. వసూలు ఏజెన్సీవాళ్లు మీకు ఫోన్ చేస్తే "ఇక్కడ ఉండడు, ఉత్తరాలు మాత్రమే వస్తాయి" అని చెప్పి పెట్టేయండి. కోర్టు కాగితాలు పట్టుకుని ఎవరైనా ఇంటికొచ్చినా అదే మాట చెప్పండి, వెంటనే వాడికీ చెప్పండి.

అసలు టెన్షన్ పెట్టేవి వేరే ఉన్నాయి. అద్దె ఇల్లయితే లీజు ఒకసారి చదవండి, అందులో పేరు లేని మనిషికి ఉత్తరాలు వస్తుంటే మీ ఇంట్లోనే ఉంటున్నాడని ఓనరు అనుకోవచ్చు, ముందే రెండు లైన్ల ఈమెయిల్ పెడితే ఆ గొడవ ఉండదు. వాడి లైసెన్సు మీ అడ్రస్ మీదికి మారితే మీ కారు ఇన్సూరెన్స్ కంపెనీ "ఈయనెవరు, మీ కారు నడుపుతాడా" అని అడగొచ్చు. నిజం చెప్పండి, చాలు. ఫుడ్ స్టాంపులకి (తిండి సరుకులకి ప్రభుత్వమిచ్చే సాయం) వాడు అప్లై చేస్తే అక్కడ చూసేది కలిసి వండుకుని తింటున్నారా లేదా అన్నది, పైగా స్థిరమైన ఇల్లు లేనివాళ్లు కూడా అప్లై చేయొచ్చు, అందుకని మీ ఇంట్లో ఉంటున్నట్టు వాడు రాయాల్సిన పనే లేదు.

వాడు వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉంటే ఇంకో ముఖ్యమైన సంగతి. ఉండే చోటు మారిన 10 రోజుల్లోపు ఇమిగ్రేషన్‌వాళ్లకి ఏఆర్-11 అనే అడ్రస్ మార్పు ఫారం ఇవ్వాలి, ఆ ఫారంలో మనిషి ఉండే అడ్రస్ వేరుగా, ఉత్తరాల అడ్రస్ వేరుగా రాయాలి. పోస్టాఫీసులో మార్చాం కదా అని ఊరుకోవద్దు, ఇమిగ్రేషన్‌వాళ్ల ఉత్తరాలు ఫార్వర్డ్ కావు.

ఏ కారణం వల్లనైనా మీకు కుదరకపోతే ఉట్టి "లేదు" అని పెట్టేయకండి. పోస్టాఫీసులో జనరల్ డెలివరీ ఉంటుంది, పైసా ఖర్చు లేకుండా ఉత్తరాలు అక్కడే ఉంచుతారు, మామూలుగా 30 రోజుల దాకా, ఫోటో ఐడీ చూపించి తీసుకోవాలి. 211 అనే సాయం నంబరుకి ఫోన్ చేస్తే దగ్గర్లో ఉత్తరాలు తీసుకుని పెట్టే షెల్టర్లు ఏమైనా ఉన్నాయేమో చెప్తారు.

చివరికి వాడికి అపార్ట్‌మెంట్ దొరికిన రోజు పోస్టాఫీసు అడ్రస్ మార్పు ఫారం నింపేటప్పుడు మాత్రం పక్కనే కూర్చోండి. ఇంటిపేరు ఒకటే కాబట్టి పొరపాటున "ఫ్యామిలీ" అని టిక్ పెడితే మీ ఉత్తరాలు కూడా వాడి వెంటే వెళ్లిపోతాయి. "ఇండివిడ్యువల్" అనే పెట్టించండి. మావాడు ఆ ఫారం మా డైనింగ్ టేబుల్ దగ్గరే నింపాడు, చెప్పుల డబ్బా కూడా తీసుకెళ్లాడు, ఇప్పుడు అది వాళ్ల తలుపు పక్కన ఉంది.