మందు కొట్టడానికి వచ్చినవాళ్లను లైసెన్సు అడగండి

వానలు మొదలయ్యాక నాకు వచ్చే ఉత్తరాల్లో సగానికి పైగా చెదలు, నల్లులు, ఎలుకల గురించే ఉంటాయి. అందుకే ఈసారి పంటల ప్రశ్నలు పక్కన పెట్టి వీటికే చోటిస్తున్నాను. సర్వీసులో ఉన్నన్నాళ్లూ పురుగుమందుల ఇన్‌స్పెక్టర్‌గా కర్నూలు, కడప జిల్లాల్లో అంగళ్లు, గోదాములు తనిఖీ చేసినవాణ్ణి. పొలంలో కొట్టే మందుకైనా పడకగదిలో కొట్టే మందుకైనా చట్టం ఒకటే, 1968 నాటి పురుగుమందుల చట్టం. పొలం విషయంలో మన రైతులకు దీని గురించి కొంత తెలుసు. ఇంటి విషయానికొస్తే చదువుకున్నవాళ్లకు కూడా తెలియడం లేదు. నా బాధంతా అదే.

ప్రశ్న: సార్, నేను కెమిస్ట్రీతో బీఎస్సీ చేశాను. స్నేహితుడితో కలిసి కర్నూలులో ఇళ్లకు, ఆఫీసులకు పెస్ట్ కంట్రోల్ పని మొదలుపెడదామనుకుంటున్నాను. మా మామకు ఎరువులు, పురుగుమందుల అంగడి ఉంది. ఆయన లైసెన్సు మీద చేసుకోవచ్చా? వేరే పర్మిషన్లు కావాలా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: చేసుకోకూడదు నాయనా. మీ మామది అమ్మకం లైసెన్సు. అది మందు అమ్మడానికి పనికొస్తుంది గానీ, ఆ మందు తీసుకెళ్లి ఇంకొకరి ఇంట్లో డబ్బుకు కొట్టడానికి పనికిరాదు. ఇల్లు, ఆఫీసు, గోదాము, ఖాళీ స్థలం, ఏదైనా సరే, వ్యాపారంగా మందు కొడితే దాన్ని పెస్ట్ కంట్రోల్ ఆపరేషన్ అంటారు. 1971 నాటి పురుగుమందుల నియమాల ప్రకారం దానికి విడిగా లైసెన్సు తీసుకోవాలి. ఇచ్చేది వ్యవసాయ శాఖే. చాలామంది కార్పొరేషన్ ఆఫీసు చుట్టూ తిరిగి, ట్రేడ్ లైసెన్సు చేతికి రాగానే పని అయిపోయిందనుకుంటారు. ట్రేడ్ లైసెన్సు కావాల్సిందే, కార్మిక శాఖలో షాపుల చట్టం కింద రిజిస్ట్రేషన్ కూడా కావాల్సిందే. ఏడాది రాబడి 20 లక్షలు దాటితే జీఎస్టీ కూడా వస్తుంది. కానీ ఇవేవీ మీకు మందు ముట్టుకునే హక్కు ఇవ్వవు.

చదువు విషయంలో మీకు ఇబ్బంది లేదు. వ్యవసాయ డిగ్రీ గానీ, కెమిస్ట్రీ ఒక సబ్జెక్టుగా ఉన్న సైన్సు డిగ్రీ గానీ ఉండాలన్నది నియమం. దాంతోపాటు గుర్తింపు ఉన్న సంస్థలో కనీసం 15 రోజుల శిక్షణ పొందిన సర్టిఫికెట్ ఉండాలి. మనకు దగ్గర్లో ఉన్నది హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థ. పాతవాళ్లు ఇప్పటికీ ఎన్.పి.పి.టి.ఐ. అనే అంటారు. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ (సి.ఎఫ్.టి.ఆర్.ఐ.)లో కూడా నేర్పుతారు. ఎవరి సర్టిఫికెట్టో జిరాక్స్ తీసి పెట్టి లైసెన్సు తెచ్చుకుందామని చూసేవాళ్లు ఉంటారు. ఆ దారిలోకి వెళ్లొద్దు. మందు మోతాదు తప్పితే ఏమవుతుందో, ఏ మందుకు ఏ విరుగుడో అక్కడ కూర్చుని నేర్చుకుంటేనే వస్తుంది.

గ్యాస్ పని, అంటే గోళీలు పెట్టి గోదాములు మూసే పని, దీనికి పూర్తిగా వేరు. అల్యూమినియం ఫాస్ఫైడ్, మిథైల్ బ్రోమైడ్ వాడాలంటే కేంద్ర ప్రభుత్వ సస్యరక్షణ సలహాదారు మీ నైపుణ్యాన్ని ఆమోదించాలి. మొదట్లో ఆ పని ఒప్పుకోకండి. చెదలు, బొద్దింకల పనితో చేయి తిరగనివ్వండి.

మీ దగ్గర పనిచేసే కుర్రాళ్ల గురించి మీరు అడగలేదు, నేనే చెబుతున్నాను. పనిలో పెట్టుకునే ముందు డాక్టరుకు చూపించాలి, ఆ తర్వాత ఏడాదికోసారి చూపించాలి. క్లోర్‌పైరిఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫరస్ మందులు కొట్టే కాలంలో డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తంలో కోలినెస్టరేజ్ పరీక్ష చేయించాలి. నరాలు సరిగా పనిచేయడానికి కావాల్సిన ఎంజైమ్ అది. ఈ మందులు దాన్నే దెబ్బతీస్తాయి. మనిషికి వాంతులు, కళ్లు మసకలు వచ్చేలోపే ఆ పరీక్షలో తేడా తెలుస్తుంది. చేతి తొడుగులు, మాస్కు, బూట్లు కొనిచ్చే స్తోమత లేకపోతే పని మొదలుపెట్టకండి. మూతికి తువ్వాలు కట్టుకుని కొట్టే పిల్లల్ని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది.

ప్రశ్న: అయ్యా, మేము బాడుగకు ఉంటున్నాం. ఇల్లుగలాయన చెదలకు మందు కొట్టించాడు. వచ్చినతను లేబుల్ లేని డబ్బాలోంచి మందు పోశాడు. ఏం మందని అడిగితే కంపెనీ మందు అన్నాడు. రెండు రోజులు ఘాటు వాసన. ఇంట్లో చిన్న పిల్లలున్నారు. వాసన వస్తేనే మందు బాగా పనిచేస్తుందట, నిజమేనా? వచ్చినవాళ్లు సరైనవాళ్లో కాదో మాకెలా తెలుస్తుంది?
— ఒక గృహిణి, అనంతపురం

జవాబు: వాసనకూ పనికీ సంబంధం లేదమ్మా. ఆ ఘాటు చాలావరకు మందును కరిగించడానికి కలిపిన ద్రావకంది. చెదలకు బాగా పనిచేసే ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సి లాంటి మందులకు వాసన దాదాపు ఉండదు.

లేబుల్ లేని డబ్బా కనబడితే అక్కడే పని ఆపించే హక్కు మీకుంది, బాడుగకు ఉన్నా సరే. డబ్బా మీద వజ్రం ఆకారంలో ఒక గుర్తు ఉంటుంది. దాని కింది సగం రంగు చూడండి. ఎరుపు అత్యంత విషం, పసుపు దాని తర్వాతది, నీలం మధ్యస్థం, ఆకుపచ్చ అన్నిటికంటే తక్కువ. చదువు రానివాళ్లు కూడా చూసి తెలుసుకోవాలనే ఆ రంగులు పెట్టారు. ఆ డబ్బాలోంచి వేరే సీసాలోకి పోసి తెచ్చారంటే ఆ గుర్తు మీ కంట పడకుండా చేసినట్టే. నల్లులకూ బొద్దింకలకూ నువాన్ కొడతామని ఇంకా అంటున్నవాళ్లున్నారు. అది డైక్లోర్‌వాస్. 2020 డిసెంబరు 31 నుంచి మన దేశంలో నిషేధం. ఆ పేరు చెప్పినవాణ్ణి గడప దాటనివ్వకండి.

చెదల పని ఎలా చేయాలో కూడా చెబుతాను, పక్కన నిలబడి చూసుకోవచ్చు. ఇప్పటికే కట్టి ఉన్న ఇంటికైతే గోడా నేలా కలిసే చోట 12 మిల్లీమీటర్ల రంధ్రాలు, 300 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున వేయాలి. ఒక్కో రంధ్రంలో మందు ఇంకడం ఆగేదాకా, ఎక్కువలో ఎక్కువ లీటరు దాకా పోసి, సిమెంటుతో పూడ్చాలి. భారతీయ ప్రమాణం ఐఎస్ 6313లో ఉన్నది ఇదే. క్లోర్‌పైరిఫాస్ 20 ఇసి అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. కలపగానే పాలలా తెల్లబడుతుంది. మన వైపు బేతంచెర్ల బండలు పరిచిన ఇళ్లే ఎక్కువ కాబట్టి బండ మధ్యలో డ్రిల్లు పెట్టనివ్వకండి, పగులుతుంది. గోడ పక్క అతుకులోనే వేయించండి. పాత చౌడు మిద్దెల్లో చెద నేలలోంచి గోడెక్కి దూలాల్లోకి పోతుంది. అక్కడ నేలకు ఒక్కదానికే మందు పోసి వెళ్లిపోతే సగం పనే. పంపుతో గోడల మీద చల్లి చెదల పని అయిపోయిందన్నవాడికి డబ్బులివ్వాల్సిన పనిలేదు.

పని మొదలుపెట్టకముందే లైసెన్సు కాపీ చూపించమనండి. బిల్లు మీద మందు పేరు, ఎంత వాడారో రాయించుకోండి. పిల్లలకు ఏదైనా తేడా చేస్తే డాక్టరు మొదట అడిగేది ఆ పేరే. ఇప్పుడు మాత్రం కిటికీలన్నీ తెరిచి పెట్టండి, పిల్లల్ని ఆ గదుల్లో నేల మీద ఆడనివ్వకండి. ఇల్లుగలాయన చేత ఆ మందు పేరు తెప్పించండి. చెప్పకపోతే మండల వ్యవసాయాధికారికి రాసివ్వండి.

ప్రశ్న: మా ఇంటి గోడను ఆనుకునే చెనక్కాయల గోదాము ఉంది. పురుగు పట్టకుండా ఏవో గోళీలు పెట్టి తలుపులు మూస్తారు. ఆ రోజుల్లో మా వెనక గదిలో వెల్లుల్లి వాసనలాంటిది వస్తోంది. మా అమ్మకు తలనొప్పి, వికారం. ఇది ప్రమాదమా? ఎవరికి చెప్పాలి?
— ఒక పాఠకుడు, కడప

జవాబు: ప్రమాదమే. ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలో నన్ను నిద్రపోనివ్వనిది ఇదే. పత్రిక అచ్చయ్యేదాకా ఆగకుండా మీకు విడిగా జవాబు రాశాను. మిగతావాళ్లకు కూడా తెలియాలని ఇక్కడ మళ్లీ చెబుతున్నాను.

ఆ గోళీలు అల్యూమినియం ఫాస్ఫైడ్. గాలిలోని తేమ తగలగానే ఫాస్ఫీన్ అనే విషవాయువు విడుదల చేస్తాయి. మూడు గ్రాముల గోళీ ఒక్కటి గ్రాము వాయువు వదులుతుంది. గాలి కంటే కొంచెం బరువైనది కాబట్టి గోడ పగుళ్లు, కరెంటు పైపులు, తలుపు సందుల్లోంచి పక్కింట్లోకి పాకుతుంది. దీనికి విరుగుడు మందు లేదు. ఆసుపత్రిలో గుండెను, ఊపిరిని నిలబెట్టే వైద్యమే చేయగలరు. వెల్లుల్లి వాసననో, కుళ్లిన చేపల వాసననో గుర్తుపట్టడం మంచిదే గానీ, వాసన రాలేదు కాబట్టి వాయువు లేదనుకోకూడదు.

2001లోనే ప్రభుత్వం ఈ మందును ఆంక్షల కిందికి తెచ్చింది. ప్రభుత్వ సంస్థలకూ, పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లకూ మాత్రమే అమ్మాలి, ఆమోదం పొందిన నిపుణుడి పర్యవేక్షణలోనే వాడాలి. 10, 20 గోళీలు పట్టే చిన్న ట్యూబుల అమ్మకాన్నే నిషేధించారు. ఎలుకలకని ఇద్దరు ముగ్గురికి నాలుగేసి గోళీలు కాగితంలో చుట్టి ఇచ్చే అంగళ్లు చట్టాన్ని పూర్తిగా తుంగలో తొక్కుతున్నాయి. అలా తెచ్చుకుని ఇంట్లో నల్లులకు మంచం కింద పెట్టినవాళ్లు, పక్క గదిలో నిద్రపోయిన పిల్లల్ని పోగొట్టుకున్న వార్తలు దేశంలో ఎక్కడో ఒకచోట వస్తూనే ఉంటాయి. అమ్మా నాయనలారా, ఆ గోళీలను ఎవరిచ్చినా ఇంట్లోకి తేవద్దు.

మళ్లీ ఆ వాసన వస్తే వెతుకుతూ కూర్చోకండి. ఇంట్లో అందరూ బయటికి వచ్చేయండి. 108కి ఫోన్ చేసి, గోళీల గ్యాస్ అని స్పష్టంగా చెప్పండి. గోదాములోకి మీరు వెళ్లకండి, నీళ్లు అసలు చల్లకండి. నీళ్లు పడితే వాయువు ఇంకా ఎక్కువ వస్తుంది. అమ్మను ఇవాళే డాక్టరుకు చూపించి ఈ సంగతి చెప్పండి. ఫిర్యాదు మండల వ్యవసాయాధికారికి రాతపూర్వకంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకోండి. జిల్లా వ్యవసాయ కార్యాలయానికి ఇంకో కాపీ పంపండి. పురుగుమందుల ఇన్‌స్పెక్టరుకు ఆ గోదాములోకి వెళ్లి, నిల్వలు, రికార్డులు చూసే అధికారం చట్టమే ఇచ్చింది. గోదాము యజమాని ఎంత పెద్దవాడైనా కాదనలేడు.

ప్రశ్న: ఆదోనిలో టిఫిన్ సెంటర్ నడుపుతున్నాను. ఆహార భద్రత అధికారి పెస్ట్ కంట్రోల్ రికార్డు చూపించమన్నాడు. నేనే స్ప్రే కొట్టుకుంటున్నాను. సరిపోదా?
— ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: మీ ఇంట్లో, పెరట్లో, సొంత సేద్యంలో మీరే కొట్టుకుంటే లైసెన్సు అక్కర్లేదు, చట్టం మినహాయింపు ఇచ్చింది. హోటల్ సంగతి వేరు. అక్కడ తినేది బయటివాళ్లు. ఆహార భద్రత నియమాల షెడ్యూల్ 4 ప్రకారం పురుగులూ ఎలుకలూ చేరకుండా చూసుకోవాలి, దానికి రికార్డూ ఉండాలి. లైసెన్సున్న ఆపరేటరుతో మాట్లాడుకుని, తేదీ, మందు పేరు, కొట్టిన చోటు రాసిన కాగితాలు ఫైలు చేసుకోండి. పొయ్యి దగ్గరా పిండి డబ్బాల దగ్గరా పంపుతో చల్లనివ్వకండి. బొద్దింకలకు సందుల్లో చుక్కలుగా పెట్టే జెల్ అడగండి. మందు డబ్బాలు పప్పు, బియ్యం ఉన్న గదిలో పెట్టకండి, సరుకుల ఆటోలోనూ వేయకండి. ఖాళీ అయిన డబ్బాలు కడిగి నూనెకో నీళ్లకో వాడే అలవాటు మన వంటశాలల్లో ఉంది. వాటిని పగలగొట్టి, ఇళ్లకు దూరంగా పూడ్పించండి.