గాజు గిన్నెలో బెట్టా చేప మందకొడిగా ఉంటే ఏం చేయాలి?

తిరుపతిలో ఉంటున్నామని, రెండు లీటర్ల గిన్నెలో వేసిన బెట్టా రోజంతా అడుగునే పడి ఉంటోందని అడిగారు. ముందు ఆ గిన్నె మార్చండి. ఈ చేప పైకొచ్చి గాలి పీల్చుకోగలదు కాబట్టి ఎంత చిన్న సీసాలోనైనా బతికేస్తుందని షాపుల్లో చెబుతుంటారు. ఊపిరాడితే సరిపోతుందా? దాని మలం, మిగిలిపోయిన మేత కుళ్లి పుట్టే అమ్మోనియా కొద్ది నీళ్లలో ఇట్టే పేరుకుపోతుంది. చాలాసార్లు నీరసానికి కారణం అదే. 15–20 లీటర్ల ట్యాంకు, నీళ్లను పెద్దగా కదిలించని స్పాంజ్ ఫిల్టరు పెట్టండి. దూకే రకం, మూత తప్పనిసరి.

నీళ్లన్నీ పారబోసి తళతళా తోమేయడం మాత్రం వద్దు. వారానికోసారి పాతిక శాతం మార్చితే చాలు. కుళాయి నీళ్లయితే క్లోరిన్ విరుగుడు చుక్కలు కలిపి పోయండి.

నీటి వేడి 24–28 డిగ్రీల మధ్య ఉండాలి. మన ఎండలు 40 దాటినప్పుడు ట్యాంకును కిటికీ దగ్గర ఉంచకండి, నీటిపై ఫ్యాన్ గాలి తగలనివ్వండి. ఐసు ముక్కలు వేయొద్దు, ఒక్కసారిగా చల్లబడితే ఇంకా ప్రమాదం. డిసెంబరు రాత్రులకు, మదనపల్లె వైపైతే మరీనూ, చిన్న హీటరు కావాలి.

మేత పొద్దున రెండు మూడు గుళికలు, సాయంత్రం అంతే. పిల్లలు ముచ్చటపడి గుప్పెడు వేస్తారు, డబ్బా అందకుండా పెట్టండి.

వీధిలో బాదం చెట్టు ఉంటే, మందు కొట్టనిదైతే, రాలిన ఎండుటాకు ఒకటి కడిగి వేయండి. నీళ్లు పలుచగా టీ రంగుకు తిరుగుతాయి, బెట్టాకు అవి బాగా పడతాయి. అప్పుడప్పుడూ ఒకట్రెండు నిమిషాలు అద్దం చూపిస్తే రెక్కలు విప్పి మీదికి వస్తుంది. అంతకు మించితే బడలిపోతుంది.